సావుకారీ చట్టం మీ తాలూకాలో పనిచేస్తోందా? మీరే తేల్చుకునే పద్ధతి

సిరొంచ, అహేరి నుంచి, రాజురా, కిన్వట్, ధర్మాబాద్ నుంచి కూడా మాటిమాటికీ ఒకే ప్రశ్న వస్తోంది. "వడ్డీ వ్యాపారం మీద మహారాష్ట్రలో గట్టి చట్టం ఉందంటారు. మరి మా ఊళ్లో మూడు రూపాయల వడ్డీ ఎట్లా నడుస్తోంది? లోపం చట్టంలో ఉందా, అమలులో ఉందా?" అడిగేవాళ్లలో లా చదివే పిల్లలున్నారు, గ్రామసభలో తీర్మానం పెట్టాలనుకునేవాళ్లున్నారు, పొలం పోగొట్టుకున్న ఇంటివాళ్లూ ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను.

ఉదాహరణకు సావుకారీ చట్టాన్నే తీసుకున్నాను. పద్ధతి మాత్రం ఏ ఆర్థిక నియంత్రణకైనా పనికొస్తుంది. తునికాకు అమ్మకం మీద, మార్కెట్ కమిటీ మీద, తూకాల మీద ఉన్న చట్టాలనూ ఇలాగే పరీక్షించవచ్చు.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- మహారాష్ట్ర మనీ లెండింగ్ రెగ్యులేషన్ చట్టం, 2014 పూర్తి ప్రతి. మరాఠీది ఒకటి, ఇంగ్లీషుది ఒకటి. 1946 నాటి బాంబే మనీ లెండర్స్ చట్టాన్ని తీసేసి తెచ్చింది ఇదే. పాత పుస్తకాల షాపులో 1946ది అంటగడతారు, చూసి కొనండి.
- ఆ చట్టం కింద వచ్చిన రూల్సు, వడ్డీ రేట్ల నోటిఫికేషన్.
- సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయల కోర్టు ఫీ స్టాంపు.
- ఒక పెద్ద నోటుబుక్కు. కంప్యూటర్లో ఎక్సెల్ వస్తే మరీ మంచిది.
- మరాఠీ ఆఫీసు భాష చదవగలిగిన మనిషి ఒకరు. సిరొంచలో మరాఠీ మీడియం చదివిన పిల్లలు ఇంటికొకరున్నారు కాబట్టి ఇది కష్టం కాదు.

లాయరు అక్కర్లేదు, ఓపిక మాత్రం కావాలి. సమాచార హక్కు జవాబులకే నెల దాటుతుంది.

1. ప్రశ్నను కుదించండి

"చట్టం పనిచేస్తోందా" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. ఒక సెక్షను, ఒక తాలూకా, ఒక కాలం తీసుకోండి. "2019 నుంచి ఇప్పటిదాకా సిరొంచ తాలూకాలో, 18వ సెక్షన్ కింద, సావుకార్ల చేతికి పోయిన పొలాలు తిరిగి రైతులకు వచ్చాయా?" ఇలా అడిగితే జవాబు దొరుకుతుంది.

2. కాగితాలను వాటి బలాన్ని బట్టి పేర్చండి

అన్నిటికంటే పైన చట్టం, దాని కింద రూల్సు, తర్వాత నోటిఫికేషన్లు, అడుగున జీఆర్ అని అందరూ పిలిచే శాసన్ నిర్ణయ్. ఇక్కడ చాలామంది తడబడతారు. జీఆర్ అంటే ప్రభుత్వం తన అధికారులకు ఇచ్చుకునే ఉత్తర్వు. చట్టం ఇవ్వని అధికారాన్ని జీఆర్ ఇవ్వలేదు, చట్టం ఇచ్చిన హక్కును తీసెయ్యలేదు. ఆఫీసులో "జీఆర్‌లో అట్లా లేదు" అని తిప్పి పంపితే, చట్టంలో ఏముందో అడగండి.

మరాఠీ ప్రతికీ ఇంగ్లీషు ప్రతికీ తేడా కనిపిస్తే ఇంగ్లీషుదే పట్టుకోండి. హైకోర్టులో చూసేది అదే.

3. చట్టం ఏం మాటిచ్చిందో దాని నోటితోనే రాసుకోండి

చట్టం మొదట్లో పీఠిక ఉంటుంది. పాత చట్టంలోని లోపాల వల్ల అప్పుదారు రైతులు సావుకార్ల వేధింపులకు గురవుతున్నారనీ, ఆ వేధింపులు తరచూ ఆత్మహత్యలకు దారితీస్తున్నాయనీ 2014 చట్టం పీఠిక ఒప్పుకుంటుంది. కొలబద్ద అదే. వేధింపు తగ్గిందా, రైతుకు ఊరట దొరికిందా అన్నదే చూడాలి. ప్రభుత్వానికి లైసెన్సు ఫీజు ఎంత వచ్చిందన్నది మీ లెక్కలోకి రాదు. మీకు నచ్చిన లక్ష్యాన్ని చట్టం నెత్తిన పెట్టి, అది నెరవేరలేదని తిట్టడం న్యాయం కాదు. ఈ తప్పు విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఎక్కువ.

4. సెక్షన్‌ను విప్పి, కీళ్లు లెక్కపెట్టండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

నోటుబుక్కులో అయిదు గడులు గీయండి. ఎవరు చెయ్యాలి? తప్పనిసరా, ఇష్టమైతేనా? ఎప్పటిలోగా? చెయ్యకపోతే ఏమవుతుంది? ముందుగా కదలాల్సింది ఎవరు?

18వ సెక్షన్ ఈ గడుల్లో ఎలా పడుతుందో చూడండి. వడ్డీ వ్యాపారంలో భాగంగా, అమ్మకం పేరుతోనో తాకట్టు పేరుతోనో, గత 15 ఏళ్లలో సావుకారు చేతికి వచ్చిన స్థిరాస్తి మీద జిల్లా రిజిస్ట్రార్ విచారణ జరపవచ్చు. సావుకారుకు తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అది అప్పుకు హామీగా రాయించుకున్న పత్రమేనని తేలితే ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించి, ఆస్తిని తిరిగి ఇప్పించవచ్చు. జిల్లా రిజిస్ట్రార్ అంటే వేరే ఎవరో కాదు, జిల్లాలో సహకార సంఘాలను చూసే డిప్యూటీ రిజిస్ట్రారే. తాలూకాలో సహాయక్ నిబంధక్ (అసిస్టెంట్ రిజిస్ట్రార్) కూడా అంతే, రెండు పనులు ఒకే కుర్చీలో.

ఇప్పుడు కీళ్లు లెక్కపెట్టండి. దరఖాస్తు, రిజిస్ట్రార్‌కు నమ్మకం కలగడం, విచారణ, ఆర్డరు, అప్పీలు, పొలం స్వాధీనం, చివరికి సాత్‌బారాలో, అంటే పొలం ఎవరిదో చెప్పే రెవెన్యూ కాగితంలో, పేరు మారే ఫేర్‌ఫార్. ఏడు. వీటిలో ఏ ఒక్కటి బిగుసుకుపోయినా రైతుకు పొలం రాదు. ఆర్డరు చేతికొచ్చింది కదా అని సంబరపడి, సాత్‌బారా తీసి చూస్తే ఇంకా సావుకారు పేరే ఉన్న సందర్భాలుంటాయి. కాబట్టి ఆర్డరు దగ్గర ఆగకండి.

అయిదో గడే అసలైనది. ముందుగా కదలాల్సింది ఎవరు? దరఖాస్తు పెట్టాల్సింది అప్పుదారు. వచ్చే వానాకాలం మిర్చి నారుకు, ఎరువులకు అతను మళ్లీ ఆ సావుకారు గడపే తొక్కాలి. ఎవరు అందరికంటే బలహీనుడో అతన్నే ముందడుగు వెయ్యమనే సెక్షన్ ఎంత పదునైనదైనా మూలన పడుతుంది. నా మట్టుకు, ఏ నియంత్రణనైనా నేను మొదట తూచేది దీనితోనే.

18వ సెక్షన్‌లో అయితే ఇంకో తలుపుంది. తనిఖీలో బయటపడిన సంగతుల మీద, లేదా మరో విధంగా తెలిసినా, ఆఫీసు తనంతట తాను విచారణ మొదలుపెట్టవచ్చు. ఆ తలుపు ఎన్నిసార్లు తెరిచారు? 6వ మెట్టులో మీరు అడగబోయే ప్రశ్నల్లో ఇదే కీలకం.

5. చట్టం ఎవరిని వదిలేసిందో చూడండి

నిర్వచనాల సెక్షన్‌ను అందరూ దాటేసి పోతారు. చట్టం లోపల ఎవరున్నారో, బయట ఎవరున్నారో తేల్చేది అదే.

బ్యాంకులు, సహకార సంఘాలు ఇచ్చే అప్పులు ఈ చట్టం కిందికి రావు. 3 లక్షలకు మించి చెక్కులాంటి పత్రం మీద ఇచ్చిన అడ్వాన్సూ రాదు, ప్రామిసరీ నోటు మాత్రం వస్తుంది. ఎప్పుడో ఒకసారి చేబదులిచ్చినవాడు వడ్డీ "వ్యాపారి" కాడని కోర్టులు చెబుతూ వస్తున్నాయి. అంటే అది వ్యాపారమని నిరూపించాలంటే ఒకే మనిషి పలువురికి ఇచ్చిన అప్పుల ఆధారాలు కావాలి.

అన్నిటికంటే పెద్ద సందు మైక్రోఫైనాన్స్. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల సావుకారీ చట్టాలు వర్తించవని 2022 మేలో నెడుంపిల్లి ఫైనాన్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది కేరళ, గుజరాత్ చట్టాల మీద వచ్చిన తీర్పు. దాని వెంటే 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు కూడా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన మైక్రోఫైనాన్స్ చట్టం అలాంటి కంపెనీలకు వర్తించదంది. వాటికి వర్తించేవి 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనలు. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి నెలవారీ కిస్తులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదంటాయి. వడ్డీకి మాత్రం అంకె కట్టి గరిష్ఠ పరిమితి పెట్టలేదు.

కాబట్టి మీ ఊళ్లో ఆడవాళ్ల గ్రూపు వారం వారం కట్టే కిస్తు బాధను 2014 చట్టం ఖాతాలో రాయకండి. రెండింటికీ వేరే పేజీలు పెట్టండి.

6. ఆఫీసు లెక్కలు రాబట్టండి

మహారాష్ట్రలో సమాచార హక్కు దరఖాస్తు ఒకే విషయం మీద, 150 మాటలకు మించకుండా ఉండాలి. మన తరఫువాళ్లు నాలుగు పేజీల బాధ రాసి పంపుతారు, అది తిరిగొస్తుంది. ఇలా క్లుప్తంగా అడగండి:

"గత 5 ఆర్థిక సంవత్సరాలకు, ఏడాదివారీగా, ఈ తాలూకాలో: అమల్లో ఉన్న లైసెన్సుల సంఖ్య. జరిపిన తనిఖీల సంఖ్య. 18వ సెక్షన్ కింద వచ్చిన దరఖాస్తులు, పరిష్కారమైనవి, ఆస్తి తిరిగి ఇవ్వాలన్న ఆర్డర్లు, స్వాధీనం పూర్తయినవి. దరఖాస్తు లేకుండా కార్యాలయం స్వయంగా మొదలుపెట్టిన విచారణల సంఖ్య. 39వ సెక్షన్ కింద నమోదైన కేసులు."

39 అంటే లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేసినందుకు శిక్ష. 5 ఏళ్ల దాకా జైలు, లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ.

పేర్లు అడగవద్దు, వ్యక్తిగత సమాచారమని మొత్తం దరఖాస్తే కొట్టేస్తారు. అంకెలు చాలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ గడువు ముగిసిన 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వెయ్యండి. దారిద్ర్యరేఖ కార్డు ఉన్నవారికి ఫీజు లేదు.

జవాబు వచ్చాక జాగ్రత్త. "కేసులు: సున్నా" అని చూడగానే చట్టం చచ్చిపోయిందని రాసేస్తారు. సున్నాకు రెండు అర్థాలున్నాయి. అక్రమ వడ్డీ లేకపోవడం ఒకటి, ఉన్నా ఎవరూ పట్టించుకోకపోవడం ఇంకొకటి. ఏది నిజమో పక్క గడి చెబుతుంది. తనిఖీలు బాగా జరిగి కేసులు సున్నా అయితే మొదటిది కావచ్చు. తనిఖీలూ సున్నా, స్వయంగా మొదలుపెట్టిన విచారణలూ సున్నా, ఊళ్లో మూడు రూపాయల వడ్డీ అయితే ఇక అనుమానం అక్కర్లేదు. కేసులు పెరిగాయని సంతోషించడమూ తొందరపాటే. నేరం పెరిగినా కేసులు పెరుగుతాయి, పట్టించుకునే అధికారి వచ్చినా పెరుగుతాయి.

ఇంకా పాత ఏళ్ల లెక్కలూ తెప్పిస్తే ఇంకో మెలిక. 2015లో విదర్భ, మరాఠ్వాడా రైతులు లైసెన్సున్న సావుకార్ల దగ్గర తెచ్చిన అప్పులకు ప్రభుత్వం మాఫీ పథకం తెచ్చింది, డబ్బు సావుకారుకు ప్రభుత్వమే కట్టేలా. ఆ దరిదాపుల్లో లైసెన్సుల సంఖ్యలో మార్పు కనిపిస్తే దాన్ని చట్టం గొప్పతనంగానో వైఫల్యంగానో చదవకండి.

7. ఊళ్లో అసలు ఖర్చు ఎంతో లెక్కకట్టండి

31వ సెక్షన్ కింద 2014లో ప్రభుత్వం వడ్డీ రేట్లు కట్టింది. రైతుకు తాకట్టు మీద ఏడాదికి 9 శాతం, తాకట్టు లేకుండా 12. రైతులు కానివారికి 15, 18. మన లెక్కలో చెప్పాలంటే వరుసగా ముప్పావలా వడ్డీ, రూపాయి వడ్డీ, రూపాయి పావలా, రూపాయిన్నర. మన రూపాయలు నెలకు, చట్టం శాతాలు ఏడాదికి. మూడు రూపాయల వడ్డీ విని "9 కంటే తక్కువే కదా" అని రాసుకున్న నివేదికను నేను చూశాను. మూడు రూపాయలంటే ఏడాదికి 36.

మనుషుల్ని అడిగేటప్పుడు "వడ్డీ ఎంత" అని మొదలుపెట్టకండి, సావుకారు చెప్పిన అంకెనే అప్పజెప్పేస్తారు. "ఎంతకు రాసిచ్చినవ్ కాకా? చేతికెంతొచ్చింది? మొత్తం ఎంత కట్టినవ్?" ఈ మూడే అడగండి.

నోటు 50,000కు రాశారనుకుందాం. ఖర్చులని 5,000 ముందే పట్టుకున్నారు, చేతికి 45,000. నెలకు 1,500 చొప్పున 10 నెలలు కట్టి, చివర 50,000 ఇచ్చారు. కట్టింది 65,000. అంటే 45,000 వాడుకున్నందుకు 10 నెలలకు 20,000 ఖర్చు, ఏడాదికి 53 శాతం పైనే. తాకట్టు లేని అప్పుకు చట్టం ఒప్పుకునేది 12 శాతం, 10 నెలలకు 4,500. ఈ రెండంకెలు పక్కపక్కన పెడితే ఉపన్యాసం అక్కర్లేదు.

వడ్డీ కింద అసలుకు మించి వసూలు చెయ్యకూడదన్న నిబంధన కూడా ఈ చట్టంలో ఉంది. ఏళ్ల తరబడి నలుగుతున్న అప్పులకు ఆ లెక్క విడిగా వెయ్యండి.

పంట మీద ఇచ్చే అడ్వాన్సుల్లో వడ్డీ కనపడదు. మిర్చి తనకే పొయ్యాలనే షరతు మీద దలాలు డబ్బిస్తాడు, "వడ్డీ లేదు" అంటాడు. ఆ రోజు మార్కెట్ ధరకూ అతను కట్టిన ధరకూ తేడా రాసుకోండి, వడ్డీ అక్కడ ఉంటుంది. కోర్టులో అది "అప్పు" అవుతుందా, సరుకు బేరమవుతుందా అన్నది కేసును బట్టి మారుతుంది. కనుక ఇవి వేరే పట్టీలో ఉంచండి.

జాగ్రత్త: ఎవరి పేరూ, సర్వే నంబరూ నోటుబుక్కులో రాయకండి, గుర్తులు పెట్టుకోండి. మీ బుక్కు ఎవరి చేతిలోనైనా పడితే నష్టపోయేది మీకు నోరు విప్పిన మనిషే.

8. తీర్పులు చదవండి, కానీ వాటి నుంచి పిండుకోవాల్సింది వేరే

గడ్చిరోలి, చంద్రపూర్, యవత్మాల్ కేసులు బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచికి, నాందేడ్‌వి ఔరంగాబాద్ బెంచికి పోతాయి. సెక్షన్ నంబరు కొట్టి వెతకండి. ప్రతి తీర్పులో ఆర్డరు ఏ కీలు దగ్గర విరిగిందో రాసుకోండి. నోటీసు సరిగా ఇవ్వలేదా, కారణాలు రాయలేదా, వడ్డీ వ్యాపారమని నిరూపించలేకపోయారా? పది తీర్పులు ఇలా చదివితే ఆఫీసు ఎక్కడ తప్పటడుగు వేస్తోందో తెలిసిపోతుంది. 13వ సెక్షన్ వాడిన కేసులూ చూడండి. లైసెన్సు లేని సావుకారు దావా వేస్తే కోర్టు డిక్రీ ఇవ్వకూడదని చెప్పే సెక్షన్ అది.

కోర్టు చట్టాన్ని నిలబెట్టిందంటే అది బాగా పనిచేస్తోందని అర్థం కాదు. ఆర్థిక చట్టాల విషయంలో శాసనసభకు ఎక్కువ వెసులుబాటు ఇవ్వాలని 1981లో ఆర్.కె. గార్గ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లుతుందా అన్నది వేరు, ఫలితమిస్తోందా అన్నది వేరు.

రెండూ కలిసే చోటు ఒకటుంది. లక్ష్యానికీ ఆంక్షకూ పొంతన ఉందా అని కోర్టు అడిగే చోటు. దీనికి చింతామన్ రావు కేసు చదవండి, చిన్న తీర్పు. చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లా, దానితోపాటు సిరొంచ, సెంట్రల్ ప్రావిన్సెస్-బేరార్‌లో ఉన్న రోజుల్లో ఆ రాష్ట్రం 1948లో ఒక చట్టం చేసింది. వ్యవసాయ పనుల కాలంలో కొన్ని ఊళ్లలో బీడీలు చుట్టడం నిషేధించవచ్చని. పొలాలకు కూలీలు దొరకాలన్నది ఉద్దేశం. 1950లో సుప్రీంకోర్టు ఉద్దేశాన్ని తప్పుపట్టలేదు. పొలం పనికి పోలేని ముసలివాళ్లను, వికలాంగులను కూడా బీడీ చుట్టొద్దంటే కూలీలు ఎలా పెరుగుతారని అడిగి, ఆ నిషేధం చెల్లదంది. తునికాకు కోసే ఊళ్లవాళ్లకు ఆ తీర్పు ఇట్టే ఎక్కుతుంది.

ఇప్పటి కాలానిది కావాలంటే 2020 మార్చి తీర్పు. క్రిప్టో వ్యాపారులకు బ్యాంకులు సేవలందించకూడదన్న రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. తన అజమాయిషీలో ఉన్న సంస్థలకు ఏ నష్టం జరిగిందో రిజర్వు బ్యాంకు చూపలేకపోయిందన్నది ముఖ్య కారణం.

9. నది అవతల ఒకసారి చూడండి

సిరొంచవాళ్లకు ఉన్న సౌకర్యం ముంబైలో కూర్చున్నవాళ్లకు లేదు. గోదావరి దాటితే కాళేశ్వరం, భూపాలపల్లి జిల్లా. చట్టం వేరు, అక్కడ నిజాం కాలపు ఫసలీ లెక్కలో 1349 నాటి తెలంగాణ సావుకారీ చట్టం. పంటలు, భాష, బంధుత్వాలు మాత్రం చాలావరకు ఒకటే. 7వ మెట్టులోని అవే మూడు ప్రశ్నలు రెండు ఒడ్డుల్లోనూ అడగండి. ఇటువైపు రేటు తక్కువగా ఉంటే చట్టానికి కొంత మార్కు ఇవ్వవచ్చు.

కొంతే. అవతల బ్యాంకు శాఖ దగ్గరలో ఉందా, రైతుకు పెట్టుబడి సాయం అందుతోందా, ఇవతలి రైతు అవతలి సావుకారు దగ్గరే తెస్తున్నాడా? ఇవన్నీ రాసుకోకుండా తేడా అంతా చట్టానిదే అనడం పప్పులో కాలెయ్యడం. 2019 జాతీయ అప్పు-పెట్టుబడి సర్వేలో దేశంలోని పల్లె కుటుంబాల బాకీల్లో 34 శాతం సంస్థలు కానివారి దగ్గర తెచ్చినవేనని తేలింది. నేపథ్యానికి పనికొస్తుంది, మీ తాలూకా గురించి మాత్రం అది ఏమీ చెప్పదు.

10. తేల్చి రాయండి, రాసింది పరీక్షించండి

ఒక్క పేజీ చాలు. ఏ కీలు బిగుసుకుంది, దానికి ఏ కాగితం సాక్ష్యం, ఏం మార్చాలి. మార్చాల్సింది చట్టమా, రూలా, ఆఫీసు అలవాటా అన్నది విడివిడిగా చెప్పండి. చట్టం మార్చమని ఎమ్మెల్యేకు, తనిఖీ చెయ్యమని రిజిస్ట్రార్‌కు, ఫేర్‌ఫార్ కోసం ఊరి రెవెన్యూ అధికారి తలాఠీకి. అందరికీ ఒకే అర్జీ పంపితే ఎవరూ చదవరు.

పంపేముందు ఆ పేజీని లైసెన్సున్న సావుకారుకు ఒకరికి చూపించండి, నోటుబుక్కు కాదు సుమా. ముప్పావలా వడ్డీకి తాను అప్పివ్వలేనని అతనంటే, ఎందుకో వినండి. ఆ మాటలో బలం ఉంటే, రేటు మరీ కిందికి కట్టడం వల్లే వ్యాపారం లైసెన్సు బయటికి పోయిందన్న వాదన కూడా మీ పేజీలో ఉండాలి. తర్వాత మీ ఆధారాలతో ఇంకొకరిని విడిగా లెక్క వెయ్యమనండి. వాళ్లకూ అదే కీలు తగిలితే పంపండి, వేరేది తగిలితే 4వ మెట్టు గడులు మళ్లీ నింపండి.

కింద తేదీ, మీరు చూసిన వడ్డీ నోటిఫికేషన్ తేదీ రెండూ వెయ్యండి. రేట్లు మారితే 7వ మెట్టు లెక్క ఒక్కటి తిరగవేస్తే సరిపోతుంది.